క్యాబేజీ తరిగే చప్పుడు

ఇంగ్లండులో నర్సుగా పనిచేసినన్నాళ్ళూ నేను నోట్సులో అన్నిటికంటే ఎక్కువసార్లు రాసిన మాట 'కన్ఫ్యూజ్డ్'. పేషెంటు భోజనం తిని, మళ్ళీ భోజనం పెట్టలేదంటే కన్ఫ్యూజ్డ్. మంగళవారాన్ని ఆదివారం అంటే కన్ఫ్యూజ్డ్. ఎప్పుడో పోయిన మొగుడు ఇంకా టీకి రాలేదేమని గుమ్మం దగ్గర నిలబడితే కన్ఫ్యూజ్డ్. కొత్తగా ఆ దేశం వెళ్తున్న పిల్లలు మీరంతా ఫోన్లు చేసి సలహాలు అడుగుతుంటారు. పరీక్షల గురించీ వీసాల గురించీ మీకు నాకంటే బాగా తెలుసు. నేను చెప్పగలిగింది ఒక్కటే. ఆ మాట రాసే ముందు పెన్ను కాసేపు పక్కన పెట్టండి. ఒక మనిషి విషయంలో ఆ మాట ఎవరికి తగిలించాలో నాకింకా తేలలేదు. ఆవిడకా, డాక్టరుకా, నాకా?

నేను న్యూకాసిల్‌లో దిగేసరికి నలభై దాటాయి. అంతకుముందు గుంటూరు వైపు ఒక మిషన్ ఆసుపత్రిలో ఏళ్ళ తరబడి చేశాను. దొరసానుల దగ్గర నేర్చుకున్న ఇంగ్లీషు కదా, నాకేం ఢోకా లేదనుకున్నాను. నా మొహం! ఆ ఊరివాళ్ళు మాట్లాడేది ఇంగ్లీషేనని నమ్మడానికే నాకు చాన్నాళ్ళు పట్టింది. ఆడమనిషి కనబడితే చాలు, 'పెట్' అంటారు. మనం 'అమ్మా' అన్నట్టు. మొదటిసారి విన్నప్పుడు కుక్కపిల్ల ఎక్కడుందా అని వెనక్కి తిరిగి చూశాను.

మాది ముసలివాళ్ళ నర్సింగ్ హోమ్. నది పక్క మిట్ట మీద ఎర్ర ఇటుకల భవనం. నాతోపాటు వరంగల్ వైపు నుంచి వచ్చిన కేర్ అసిస్టెంట్ ఒకామె ఉండేది. డ్యూటీల పట్టిక రోటాలో ఇద్దరికీ ఒకే షిఫ్టు పడితే ఆ రోజు మాకు పండగే. ఆమె నోటికి అడ్డూ అదుపూ ఉండేది కాదు. తెలుగులో మాట్లాడితే ఎవరికీ అర్థం కాదన్న ధైర్యం ఒకటి.

ఆ ముసలావిడ మా దగ్గరికి ఒక పెట్టె, ఒక రొట్టెలు కోసే చెక్క, ఒక చెక్క గరిటె పట్టుకుని వచ్చింది. రొమేనియా ఆవిడ. ఎనభైకి దగ్గర్లో ఉంటుంది. సన్నగా, నిటారుగా, తలకి నల్లగుడ్డ కట్టుకుని ఉండేది. పెళ్ళి లేదు, పిల్లల్లేరు. చెల్లెలి కూతురు ఈ ఊరివాణ్ణి పెళ్ళి చేసుకుని ఇక్కడే పళ్ళ డాక్టరుగా స్థిరపడింది. ఆ దేశంలో పాత కమ్యూనిస్టు ప్రభుత్వం కూలిపోయాక పెద్దమ్మను తెచ్చుకుంది. కాలు విరిగాక ఇంట్లో చూసుకోవడం కుదరక మా దగ్గర చేర్చింది. ప్రతి ఆదివారం తప్పకుండా వచ్చేది. నేను ఆ పెద్దావిణ్ణి 'మామ్మా' అని పిలిచేదాన్ని. ఆ మాటకి అర్థం చెబితే సంతోషించింది.

చేరిన మర్నాడే మొదలైంది. పొద్దున్నే టిఫినుకు ముందు కారిడార్లోకి వచ్చి, కిటికీ వైపు తిరిగి, చెక్కను ఎడమ చేత్తో ఎత్తిపట్టుకుని గరిటెతో కొట్టడం మొదలుపెట్టింది. ముందు ఆగి ఆగి ఒక్కో దెబ్బ. తర్వాత రేకుల కప్పు మీద వాన జోరందుకున్నట్టు గబగబా. మళ్ళీ నెమ్మది. మధ్యాహ్నం భోజనానికి ముందు మళ్ళీ. సాయంత్రం మళ్ళీ. కొట్టడం అయిపోగానే ఏమీ ఎరగనట్టు వెళ్ళి కూర్చునేది.

పక్క గదిలో ఒక పెద్దాయన ఉండేవాడు. బొగ్గుగనిలో పనిచేసి ఊపిరితిత్తులు పాడుచేసుకున్న మనిషి. ఆయన బెల్లు నొక్కి నొక్కి మా ప్రాణం తీసేవాడు.

"బతుకంతా గనిలో సుత్తి దెబ్బలు విన్నాను పెట్. ఇక్కడ కూడానా? ఆ ముసల్దాన్ని ఆపుతారా, నన్ను మళ్ళీ గనిలోకి దింపుతారా?"

మా మేనేజరు మంచి మనిషే. కానీ ఫిర్యాదు అంటే వణికిపోయేది. ఆవిడ వెళ్ళి చెక్కనీ గరిటెనీ తీసుకుని ఆఫీసులో పెట్టింది. మధ్యాహ్నానికి మామ్మ భోజనం ట్రే మీద మొదలుపెట్టింది. ట్రే తీసేస్తే మంచం ఇనుప కమ్మీ మీద. ఆ కమ్మీ మోతకి మేడంతా హోరెత్తిపోయింది. మేనేజరు చెవులు మూసుకుని, చెక్కే నయమని తిరిగి ఇచ్చేసింది.

ఇంకో వింత కూడా ఉంది. అప్పుడు చూశాను గానీ నా బుర్రకి ఎక్కలేదు. ఆదివారాలు చెల్లెలి కూతురు వచ్చే వేళకి చెక్క దిండు కిందకి పోయేది. ఆమె ఉన్నంతసేపూ ఒక్క చప్పుడు ఉండేది కాదు. మేనేజరు ఈ గోల గురించి చెబితే ఆ అమ్మాయి తెల్లబోయింది. "మా పెద్దమ్మా? ఆమె నోట్లోంచి గట్టిగా మాట కూడా రాదే!"

నేను తినే ముందు కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకోవడం చూసి మామ్మ నాతో మాట కలిపింది. ఆవిడ ఇంగ్లీషు ముక్కలు ముక్కలుగా ఉండేది. నా ఇంగ్లీషు గురించి అక్కడివాళ్ళ అభిప్రాయమూ అంతేలెండి. అందుకే మా ఇద్దరికీ బాగా కుదిరింది.

"ఎందుకు మామ్మా కొడతావు?" అని అడిగాను ఒకరోజు.

"పిలవడానికి. మా దేశంలో మఠంలో గంట కాదు, ముందు చెక్క. కన్యస్త్రీ చెక్క పట్టుకుని గుడి చుట్టూ తిరుగుతూ కొడుతుంది. నోవహు కూడా ఇలాగే కొట్టాడు."

"ఏ నోవహు?"

"ఓడ నోవహు. జంతువులన్నీ ఎలా వచ్చాయనుకున్నావు? చెక్క కొట్టాడు. విన్నాయి. వచ్చాయి."

ఆదికాండం నాకు సండేస్కూలు రోజుల నుంచీ కంఠతా వచ్చు. "బైబిల్లో అట్లా లేదు మామ్మా," అన్నాను, కొంచెం కోపంగానే.

"అన్నీ రాయలేదు," అంది ఆవిడ నన్ను జాలిగా చూసి.

ఇక ఆ గుడి సంగతి. చిన్నపిల్లప్పుడే తనను మఠంలో చేర్చారట. గుడి గోడలకు బొమ్మలట. లోపలే కాదు, బయట కూడా. పునాది దగ్గర్నుంచి చూరు దాకా. మాది తెల్ల సున్నం గోడలూ ఒక చెక్క సిలువా ఉండే చర్చి. గుడి బయట గోడలనిండా బొమ్మలంటే నా కళ్ళకి సినిమా హాలు ముందు పోస్టర్లు కనబడ్డాయి. నవ్వొచ్చింది.

"బయటెందుకు?"

"గుడి చిన్నది. జనం ఎక్కువ. రాజుగారి సైనికులు కూడా బయటే. చదువు రాదు. బొమ్మ చూస్తారు. కడపటి తీర్పు. నిప్పుల ఏరు. ఎవరు నరకానికి పోతారో తెలుస్తుంది."

"ఎవరు పోతారు?"

"తలపాగాలవాళ్ళు," అని కిసుక్కున నవ్వింది. "ఆ రోజుల్లో సుల్తాను సైన్యం మా మీదకి వచ్చేది కదా. మన మీదకి ఎవడొస్తే వాడే నరకానికి. బొమ్మ వేసేవాడిది మన ఊరే." ఆ నవ్వు ఆగాక కిటికీలోంచి ఆకాశం చూస్తూ ఉండిపోయింది. "ఒక పక్క వాన తినేసింది. ఇంకో పక్క ఉంది. ఆ నీలం ఇప్పుడు ఎవరికీ కలపడం రాదు."

"ఆ తర్వాత ఏమైంది? మఠం నుంచి ఎప్పుడొచ్చావు?"

అంతే, మొహానికి తలుపు వేసుకున్నట్టయింది. "కార్పెట్ ఫ్యాక్టరీ," అంది. ఎన్నిసార్లు అడిగినా అక్కడితో ఆపేసేది.

ఇవన్నీ ఒకెత్తు, చక్రాల చర్చి ఒకెత్తు. రాజధానిలో పెద్ద నాయకుడికి పెద్ద మేడ కావాల్సి వచ్చిందట. దాని ముందు పెద్ద రోడ్డు. దారిలో చర్చిలు అడ్డం. కొన్నిటిని కూలగొట్టారట. కొన్నిటిని మాత్రం పునాదులతో సహా పెకలించి, పట్టాల మీద పెట్టి, తోసుకుంటూ తీసుకెళ్ళి అపార్టుమెంట్ల వెనక దాచేశారట. నేను ఆ మాట విని నోరు వెళ్ళబెట్టాను.

మా వరంగల్ ఆమె అయితే పడీ పడీ నవ్వింది. "అక్కా, గుడికి చక్రాలంట! రైలు లెక్క పోయిందంట! టికెట్ ఎంత తీస్కున్నరో అడగకపోయినవ్? గిట్లాంటి కథలు నువ్వొక్కదానివే వింటవ్."

"అబద్ధాలు చెప్పే మనిషిలా లేదే."

"అబద్ధమని నేనన్ననా? పెద్దమనిషి, దిమాక్ జర గట్ల ఇట్ల అయితది. పాపం."

నాకూ లోపల అదే అనుమానం. పొద్దున నమ్మేదాన్ని, సాయంత్రానికి నమ్మకం పోయేది. ఏ రోజు వింటే ఆ రోజు అయోమయమే.

ఆ అనుమానంతోనే నేను రోజూ విన్నది విన్నట్టు నోట్సులో రాశాను. చక్రాల చర్చి, నోవహు చెక్క, బొమ్మల గోడలు. మా పద్ధతి అది, విన్నది రాయాలి. ఆ రాతలన్నీ కలిసి ఎటు దారితీస్తాయో నాకు తట్టలేదు. ఒకరోజు మేనేజరు పిలిచి చెప్పింది. మామ్మను డాక్టరు వచ్చి పరీక్షిస్తాడట. మతి తప్పిందని తేలితే ఊరికి దూరంగా తాళాలు వేసి ఉంచే యూనిట్‌కి మారుస్తారట. ఆ యూనిట్ నేను చూశాను. అక్కడ చేతికి చెక్క కాదు కదా, చెమ్చా కూడా ఇవ్వరు. గోల చేస్తే మందులిచ్చి పడుకోబెడతారు. అక్కడికి వెళ్ళిన మనిషి మళ్ళీ నిటారుగా నిలబడ్డం నేను చూడలేదు. 

ఏదో ఒకటి చేయాలి. ఆఫ్ రోజున సిటీ లైబ్రరీకి వెళ్ళాను. అక్కడ కౌంటరు దగ్గర కూర్చున్నామె ఓపిగ్గా వెతికి, రొమేనియా మఠాల గురించి ఒక పెద్ద ఫొటోల పుస్తకం తీసిచ్చింది. తెరిచి చూస్తే ఏముంది! కొండల మధ్య చిన్న గుడి. వెడల్పాటి చూరు. గోడలనిండా బొమ్మలు. నిప్పుల ఏరు. అందులో తలపాగాలవాళ్ళు. అన్నిటి వెనకా ఆ నీలం. వాన తినేసిన పక్క కూడా అలాగే వెలిసిపోయి ఉంది. లైబ్రరీ అని కూడా మర్చిపోయి "నిజమేనర్రా!" అని తెలుగులో గట్టిగా అనేశాను.

పుస్తకాన్ని అప్పుడే తీసుకెళ్ళి మామ్మకి చూపిస్తే సరిపోయేది. కానీ నాకు సినిమా తెలివితేటలు ఎక్కువ. మీటింగులో డాక్టరు ఎదుట తీయాలి, ఆవిడ చూసి కళ్ళనీళ్ళు పెట్టుకోవాలి, అందరూ నిశ్శబ్దమైపోవాలి. ఆ సీను మూడు రోజులు మనసులో ఆడించుకున్నాను.

ఆ రోజు వచ్చింది. మీటింగు గదిలో కుర్చీలు నేనే వేశాను. బల్లకి ఇవతల డాక్టరు, మేనేజరు, చెల్లెలి కూతురు, నేను. అవతల ఒంటరిగా ఒకే కుర్చీ. మామ్మను తీసుకొచ్చి అందులో కూర్చోబెట్టాను. డాక్టరు చిన్నవాడు, మర్యాదస్తుడు. ముందు ఫైలు తెరిచి, పెన్ను మూత తీశాడు.

సంవత్సరం అడిగితే సరిగ్గా చెప్పింది. ప్రధానమంత్రి ఎవరంటే "మీవాడా, మావాడా?" అంది. డాక్టరు నవ్వాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇదే సమయమని పుస్తకం తీసి బల్ల మీద పెట్టాను. ఆయన దాన్ని ఆవిడ వైపు తిప్పి, ఫొటో మీద పెన్నుతో చూపించాడు.

"ఈ చోటు మీకు తెలుసా? మీరు ఇక్కడ ఉండేవారా?"

మామ్మ ఆ ఫొటో వైపు చూసింది. తర్వాత ఆ పెన్ను వైపు చూసింది. తర్వాత వరసగా మా నలుగురి మొహాలూ చూసింది.

"తెలియదు," అంది.

"మీరు మఠంలో కన్యస్త్రీగా ఉన్నానని చెప్పారట."

"నేను చెప్పలేదు. నేను ఎప్పుడూ చూడలేదు. నేను కార్పెట్ ఫ్యాక్టరీ. రాసుకోండి. కార్పెట్ ఫ్యాక్టరీ."

 నిన్న సాయంత్రం కూడా నిప్పుల ఏరు గురించి చెప్పిన మనిషి! "మామ్మా, నువ్వే కదా..." అన్నాను. నన్నెప్పుడూ చూడనట్టు చూసింది.

చెల్లెలి కూతురు కూడా అందుకుంది. "అవును డాక్టర్. మా పెద్దమ్మ జీవితమంతా కార్పెట్ ఫ్యాక్టరీలోనే చేసింది. మఠమేమిటి? మా ఇంట్లో దేవుడి ఊసే లేదు."

డాక్టరు ఏదో రాసుకున్నాడు. పేజీ తిప్పాడు. "మరి చర్చిని పట్టాల మీద తోశారని ఒకటి రాసి ఉంది..."

"అయ్యో, అది నిజమే," అంది ఆ అమ్మాయి మామూలుగా. "నేను కాలేజీకి వెళ్ళే దారిలోనే. కొన్నాళ్ళు ఒకచోట ఉండేది, తర్వాత చూస్తే ఇంకోచోట ఉంది. మా ఊళ్ళో అందరికీ తెలుసు."

డాక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "అంటే, నడిచిన చర్చి నిజం. మఠం మాత్రం లేదు?"

"అవును."

మేనేజరు నా వైపు చూసింది. నేను నేల వైపు చూశాను. ఈ మనిషిని కాపాడదామని నేను తెచ్చిన పుస్తకమే ఆవిడ మెడకి చుట్టుకుంది. తను బతికిన చోటునే గుర్తుపట్టలేదన్నా, ఎన్నడూ ఉండని చోటు గురించి రోజూ చెబుతోందన్నా, డాక్టరు ఏం రాస్తాడు? నేనైనా ఏం రాస్తాను? ఎక్కడలేని కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు.

అప్పుడు మా వరంగల్ ఆమె టీ ట్రే పట్టుకుని తలుపు తోసుకుని వచ్చింది. కప్పులు పెడుతూ నా చెవి దగ్గర "ఏమాయె అక్కా?" అంది.

"మునిగిపోయాం."

"గంతేనా? బిస్కెట్లయినా తిను మరి," అని, తలుపు తెరిచే ఉంచి వెళ్ళిపోయింది.

తెరిచిన తలుపులోంచి వంటగది చప్పుడు వినబడుతోంది. మా వంటామె మధ్యాహ్నానికి క్యాబేజీ తరుగుతోంది. టక్, టక్, టకటక.  చెల్లెలి కూతురు కప్పు చేత్తో పట్టుకుని వింటూ కొంచెం నవ్వింది.

"ఈ చప్పుడు వింటే నాకు పెద్దమ్మ ఇల్లే గుర్తొస్తుంది. సెలవులకి వెళ్ళేదాన్ని. పెద్దమ్మ, ఇద్దరు స్నేహితురాళ్ళు, ముగ్గురిదీ ఒకే ఫ్యాక్టరీ, ఒకే ఫ్లాటు. పొద్దున్నా క్యాబేజీ తరగడమే, సాయంత్రమూ క్యాబేజీ తరగడమే. మా అమ్మ ఎగతాళి చేసేది, వీళ్ళ కడుపుల్లో కుందేళ్ళున్నాయని."

నవ్వుతున్నది ఆగిపోయింది. కప్పు బల్ల మీద పెట్టింది.

"కానీ నాకు ఎప్పుడూ క్యాబేజీ పెట్టలేదు. చిక్కుడు గింజలు. ఎప్పుడు వెళ్ళినా ఆ ఇంట్లో చిక్కుడు గింజలే తిన్నాను."

ఆమె మెల్లగా పెద్దమ్మ వైపు తిరిగి వాళ్ళ భాషలో ఏదో అడిగింది. చిన్న ప్రశ్న. మామ్మ డాక్టరు చేతినే చూస్తోంది. అప్పుడు తట్టింది నా మట్టిబుర్రకి. ఆవిడ ఇందాకట్నుంచీ ఫొటోని కాదు చూస్తున్నది, పెన్నుని.

"డాక్టర్ గారూ, ఆ పెన్ను జేబులో పెట్టేసుకోండి. ఆ ఫైలు కూడా మూసేయండి," అన్నాను. నా గొంతు అంత పెద్దగా వస్తుందని నేనే అనుకోలేదు. ఆయన బడిపిల్లాడిలా చెప్పినట్టు చేశాడు. నేను వెళ్ళి తలుపు మూసి, నా కుర్చీ లాక్కొచ్చి మామ్మ పక్కన వేసుకుని కూర్చున్నాను.

అప్పుడు ఆవిడ నోరు తెరిచింది. చెల్లెలి కూతురితోనే మాట్లాడింది. ఆ అమ్మాయి వింటూ, మధ్యమధ్య ఆగి మాకు చెబుతూ, చివరికి ఏడుస్తూ చెప్పింది.

మఠాల్లో ముసలివాళ్ళు తప్ప వయసులో ఉన్నవాళ్ళు ఉండకూడదని ప్రభుత్వం ఆర్డరు వేసిందట. ఫైళ్ళు పట్టుకుని మనుషులొచ్చి ఒక్కొక్కరినీ బల్ల ముందు కూర్చోబెట్టి ప్రశ్నలడిగారట. ఎవరు ఏం చెబితే దాన్నిబట్టి ఇంకొకరి కోసం వచ్చేవారట. నల్లబట్టలు విప్పించి ఫ్యాక్టరీకి పంపారు. ముగ్గురు కన్యస్త్రీలు అక్కచెల్లెళ్ళ పిల్లలమని చెప్పి ఒక ఫ్లాటు తీసుకున్నారు. బయట కార్మికులు, తలుపు వేసుకుంటే మఠం. ప్రార్థనకి చెక్క కొట్టకుండా ఉండలేరు. కింద ఫ్లాటులో ఉన్నామె చెవి రిక్కించుకుని విని పోలీసులకి చేరవేసే రకం. అందుకని రొట్టెల చెక్క మీద కొట్టేవారు. ఎవరైనా అడిగితే క్యాబేజీ. చెల్లెలు బడిలో టీచరు. తెలిస్తే ఆమె ఉద్యోగం పోతుంది. చిన్నపిల్లకి తెలిస్తే బళ్ళో నోరు జారుతుంది. అందుకే ఎవరికీ చెప్పలేదు. మిగిలిన ఇద్దరూ పోయారు. ఈ దేశంలో ఎవరూ అడగరని, బతుకులో మొదటిసారి కారిడార్లో నిలబడి గట్టిగా కొట్టింది. ఈ రోజు బల్ల, ఫైలు, పెన్ను చూసేసరికి, అవునంటే ఈ పిల్ల ఉద్యోగానికి ఎసరు వస్తుందనుకుంది.

ఆ అమ్మాయి బల్ల చుట్టూ తిరిగి వచ్చి ఆవిడ ఒళ్ళో తల పెట్టేసింది. మామ్మ ఆమె జుట్టు నిమురుతూ ఒకే మాట మళ్ళీ మళ్ళీ అంటోంది. దానికి అర్థం మాకు ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. డాక్టరు కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

"దీనికి నా దగ్గర మందు లేదు," అన్నాడు. "అవసరమూ లేదు. ఆవిడ ఇక్కడే ఉంటారు."

నాకు ఎగిరి గంతేయాలనిపించింది. కానీ కథ అక్కడితో ఆగలేదు. పక్క గది పెద్దాయన ఫిర్యాదులు అలాగే ఉన్నాయి కదా. మేనేజరు వేళ్ళు విరుచుకుంటూ ఆలోచించి, ఉన్నట్టుండి వెలిగిపోయింది.

"వంటగది! వంటామె కూరగాయలు తరిగే వేళకి ఆవిడ కూడా వంటగదిలో నిలబడి కొట్టుకోవచ్చు. ఆ చప్పుడులో కలిసిపోతుంది. ఎవరికీ తెలియదు!"

అద్భుతం అన్నాడు డాక్టరు. నేను కూడా తల ఊపాను, నిజం చెబుతున్నాను. చెల్లెలి కూతురు కళ్ళు తుడుచుకుని ఆ మాట వాళ్ళ భాషలో చెప్పింది. మామ్మ ఒక్క క్షణం అలా చూసి, పొట్ట పట్టుకుని నవ్వింది. కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది.

"మళ్ళీ క్యాబేజీ!" అంది మాకోసం ఇంగ్లీషులో.

అందరూ నవ్వారు. నేనూ నవ్వడం మొదలుపెట్టి మధ్యలో ఆపేశాను. ఇంటికి వెళ్ళేటప్పుడు బస్సులో కూర్చుని ఎంత ఆలోచించినా అంతుచిక్కలేదు. ఆవిణ్ణి ఇక్కడే ఉంచుకున్నాం, మంచిదే. అక్కడ తలుపు వేసుకుని చేసిన పనిని ఇక్కడ కూడా క్యాబేజీ మాటున చేయించాం. మేం ఆవిడకి మేలు చేశామా, ఆ కింద ఫ్లాటు ఆమె పనే చేశామా? మర్నాడు వరంగల్ ఆమెను అడిగితే "నువ్వు మస్తు సోంచాయిస్తవ్ అక్కా. ముసలమ్మ ఖుషీగ ఉంది, చాలదా?" అంది. మామ్మ ఖుషీగానే ఉంది. అదే నాకు మరీ అర్థం కాలేదు.

అప్పట్నుంచి మూడు పూటలా ఆవిడ వంటగదిలో స్టవ్ పక్కన నిలబడి కొట్టేది. వంటామె చకచకా తరుగుతూ ఆ వేగానికి తన కత్తిని కలిపేది. ఆదివారం చెల్లెలి కూతురు కూడా పక్కన నిలబడేది. చెక్క ఇప్పుడు దిండు కిందకి పోవడం మానేసింది. పక్క గది పెద్దాయన బెల్లు నొక్కడం ఆపేశాడు. చెవుడు ముదిరిందేమో అనుకున్నాం. మామ్మకి ఆదికాండం గురించి నేను మళ్ళీ నచ్చజెప్పబోయాను. మళ్ళీ జాలిగా చూసింది.

రెండేళ్ళు ఉంది మా దగ్గర. ఒక వసంతకాలంలో జలుబు చేసి, అది ఛాతీకి దిగి, పెద్దగా బాధపడకుండానే పోయింది. చెక్కనీ గరిటెనీ చెల్లెలి కూతురు శవపెట్టెలో పెట్టించింది.

అంత్యక్రియల మర్నాడు నేను డ్యూటీలో ఉన్నాను. మధ్యాహ్నం వంటగది గుమ్మంలో వాకింగ్ ఫ్రేము చప్పుడైంది. గని పెద్దాయన. డైనింగు రూము దాటి ఇంత దూరం రావడం ఎప్పుడూ చూడలేదు. ఆయాసపడుతూ నిలబడ్డాడు.

"ఏం పెట్, ఈ రోజు క్యాబేజీ లేదా?"

"ఉందండీ, అదిగో తరుగుతోంది," అని వంటామెను చూపించాను.

"ఆ క్యాబేజీ కాదు." విసుగ్గా తల తిప్పాడు. "ఆవిడ క్యాబేజీ. అది వినబడితేనే నేను బూట్లు వేసుకునేది. భోజనం వేళయిందని నాకెలా తెలియాలి?"

  వంటామె కత్తి ఆపేసింది. నేను అరలోంచి మామూలు చెక్క ఒకటీ గరిటె ఒకటీ తీసి, గుర్తున్నంతవరకు కొట్టాను. నాలుగు దెబ్బలు పడ్డాయో లేదో, ఆయన చెయ్యెత్తాడు.

"అలా కాదు. అంత తొందరేమిటి? ముందు ఆగి ఆగి. ఇటివ్వు."

గుమ్మం చెక్కకి భుజం ఆనించి, నా చేతిలోంచి గరిటె లాక్కుని, నేను పట్టుకున్న చెక్క మీద కొట్టాడు. ముందు ఆగి ఆగి ఒక్కో దెబ్బ. తర్వాత గబగబా. మళ్ళీ నెమ్మది. ఒక్క దెబ్బ తప్పు పోలేదు. కారిడార్లో ఒక్కో తలుపూ తెరుచుకుంది. ఒకరి వెనక ఒకరు వాకింగ్ ఫ్రేములు తోసుకుంటూ డైనింగు రూము వైపు రావడం మొదలుపెట్టారు. ఎవరినీ పిలవాల్సిన అవసరం రాలేదు.

ఆ సాయంత్రం నోట్సు ముందు కూర్చుని, ఆయన గురించి ఏం రాయాలో తెలియక చాలాసేపు పెన్ను పట్టుకుని ఉండిపోయాను. చివరికి 'భోజనం బాగా తిన్నారు' అని రాశాను.